అటక మీది ఆట పెట్టె

ఈ నెల మీతో పంచుకోదలచిన సంగతి ఒక పాత ప్లాస్టిక్ పెట్టెను గురించినది. ఇందులో రెండు విషయాలున్నాయి. మొదటిది, టి.వి.కి తగిలించుకొని ఆడుకొనే వీడియో గేమ్ చెడిపోతే తప్పు ఎక్కడుందో ఎలా కనిపెట్టాలి, ఇంట్లో ఎంతవరకు బాగు చేసుకోవచ్చు అనేది. రెండవది, తప్పు ఎక్కడుందో వెదకకుండానే కొడుకును దండించిన ఒక తండ్రి సంగతి. ఆ తండ్రిని నేనే.

గత వేసవి సెలవులకు మా అబ్బాయి కుటుంబమంతా హైదరాబాదు నుండి మా ఊరు వచ్చారు. మనవడికి పదేళ్లు. రెండు రోజులు చెరువు గట్టూ, మామిడి తోటా తిరిగాడు. మూడో రోజుకు తోచలేదు. నిచ్చెన వేయించుకొని అటక ఎక్కి, ఇత్తడి బిందెల వెనుక నుండి ఒక అట్టపెట్టె దించాడు. “తాతయ్యా, ఇదేంటి?” అంటూ మూత తీశాడు. లోపల బూడిద రంగు వీడియో గేమ్, రెండు రిమోట్లు, ఒక ప్లాస్టిక్ తుపాకీ, పసుపు పచ్చని క్యాసెట్టు, ఒక ఎలిమినేటరు ఉన్నాయి.

మా అబ్బాయి పక్కనే కూర్చొని ఉన్నాడు. పెట్టె వంక ఒక్కసారి చూసి, “అది పని చేయదురా. నేనే పాడు చేశానట” అని లేచి వసారాలోకి వెళ్లిపోయాడు.

ఆ ‘చేశానట’ అన్న మాట నా చెవిలో ఉండిపోయింది.

1996 క్రిస్మస్‌కు ఆ పెట్టెను విజయవాడలో కొన్నాను. అప్పుడు నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సైన్సు మాస్టారిని. నెల జీతంలో మంచి భాగమే దానికి పోయింది. సాయంత్రం అయ్యేసరికి వీధి పిల్లలందరూ మా వసారాలో చాప మీద వరుసగా కూర్చొని తమ వంతు కోసం ఎదురు చూసేవారు. నాలుగు నెలలు ఆ సందడి సాగింది. 1997 ఏప్రిల్‌లో ఒక సాయంత్రం మా అబ్బాయి స్విచ్ వేయగానే లోపల ‘టప్’ మన్నది. మాడు వాసన వచ్చింది. దీపం వెలగలేదు. నేను అప్పుడే జవాబు పత్రాలు దిద్ది, అలసిపోయి ఇంటికి వచ్చాను.

“ఏం చేశావురా?” అన్నాను.

“నేనేం చేయలేదు నాన్నా. స్విచ్ వేశానంతే” అన్నాడు.

నేను నమ్మలేదు. అంతకు ముందు రెండుసార్లు వాడు వైరు లాగడం చూశాను గనుక అదే కారణమని తీర్మానించుకున్నాను. వీధి పిల్లలు చూస్తుండగానే చింత బరికెతో కొట్టాను. “ఇక నీకు ఏ వస్తువూ కొనను” అని పెట్టెను అటక ఎక్కించాను. నిజంగానే ఆ తరువాత వాడు నన్ను ఏ వస్తువూ అడగలేదు.

సెలవు లేదని మా అబ్బాయి నాలుగో రోజున హైదరాబాదు వెళ్లిపోయాడు. కోడలు, మనవడు మరో రెండు వారాలు ఉన్నారు. “తాతయ్యా, నువ్వు సైన్సు మాస్టారువి గదా, బాగు చేయవా?” అని మనవడు పట్టుబట్టాడు. సరే, ఇద్దరం కలిసి చూద్దామన్నాను.

ఈ పెట్టె ఎక్కడి నుండి వచ్చింది?

1990లలో మన ఊళ్లకు వచ్చిన చాలా వీడియో గేములకు మూలం జపానులో ఉంది. నింటెండో సంస్థ 1983 జులైలో ‘ఫ్యామిలీ కంప్యూటర్’ అనే ఆట యంత్రాన్ని 14,800 యెన్ల ధరకు విడుదల చేసింది. దాని రూపకల్పనకు నాయకత్వం వహించిన ఇంజనీరు మసయుకి ఉఎమురా. ఆయన 2021లో మరణించారు. అదే యంత్రాన్ని రూపం మార్చి 1985లో అమెరికాలో అమ్మారు. సూపర్ మారియో, డక్ హంట్, కాంట్రా వంటి ఆటలు దీని మీదనే ప్రసిద్ధి పొందాయి. దీనిని అనుకరించి తయారైన పెట్టెలు అనేక పేర్లతో మన దేశంలో అమ్ముడయ్యాయి. మేము కొన్నది అలాంటిదే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మొదట అమ్మిన జపాను యంత్రాల్లోనూ లోపాలుండేవి. కొన్నింటిలో ఆట మధ్యలో ఆగిపోయేది. తయారు చేసినవారు తప్పు తమ చిప్పులోనే ఉందని కనిపెట్టి, ఆ యంత్రాలను వెనక్కు తెప్పించుకొని లోపలి బోర్డులు మార్చి ఇచ్చారు. తొలి రిమోట్లకు చదరపు రబ్బరు బటన్లు ఉండేవి. అవి అరిగి ఇరుక్కుపోతున్నాయని తరువాత గుండ్రని గట్టి బటన్లు పెట్టారు. జపానులో ఆ యంత్రం తయారీ 2003లో ఆగిపోయింది. విడి భాగాలు దొరకనందున 2007లో సంస్థ మరమ్మతులు కూడా ఆపివేసింది. కాబట్టి ఇప్పుడు ఈ పాత పెట్టెలకు వైద్యులు మనమే.

ముందు నాలుగు ప్రశ్నలు

చెడిపోయిన వస్తువు కనిపించగానే స్క్రూడ్రైవరు తీయకండి. ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. దీపం వెలుగుతున్నదా? బొమ్మ వస్తున్నదా? శబ్దం వస్తున్నదా? బటను నొక్కితే మాట వింటున్నదా?

దీపం వెలగకపోతే తప్పు కరెంటు దారిలో ఉంది. అంటే గోడ ప్లగ్గు, ఎలిమినేటరు, దాని వైరు, పెట్టె వెనుక సాకెట్టు, లోపలి రెగ్యులేటరు. వీటిని ఇదే వరుసలో చూడాలి.

దీపం వెలుగుతూ బొమ్మ రాకపోతే టి.వి. తెరను జాగ్రత్తగా గమనించాలి. పాత పద్ధతిలో ఆంటెన్నా సాకెట్టుకు కలిపితే, పెట్టె ఆపి ఉన్నప్పుడు తెర మీద చుక్కల వాన కనిపిస్తుంది. పెట్టె స్విచ్ వేసినా ఆ వాన అలాగే ఉంటే వైరులోనో, ట్యూనింగులోనో, సంకేతం పంపే భాగంలోనో తప్పుంది. వాన ఆగిపోయి తెర నల్లగానో, బూడిద రంగుగానో, ఒకే రంగుగానో నిలిచిపోతే సంతోషించండి. పెట్టె నుండి సంకేతం టి.వి.కి చేరుతున్నదన్నమాట. అప్పుడు ఎక్కువగా తప్పు క్యాసెట్టు దగ్గర ఉంటుంది.

బొమ్మ చక్కగా వచ్చి శబ్దం రాకపోతే చాలామంది స్పీకరు పోయిందనుకుంటారు. అది పొరపాటు కావచ్చు. బొమ్మతో పాటు శబ్దాన్ని మోసే తరంగం బొమ్మ తరంగానికి ఎంత దూరంలో ఉండాలనేది దేశాన్ని బట్టి మారుతుంది. మన దేశపు పాత టి.వి. పద్ధతిలో ఆ దూరం 5.5 మెగాహెర్ట్జ్. చైనా పద్ధతిలో 6.5. అక్కడి వాడుక కోసం తయారైన పెట్టెను మన టి.వి.కి కలిపితే బొమ్మ వస్తుంది గాని శబ్దానికి బదులు బుస్సుమని మోత వస్తుంది. పెట్టెకు పసుపు, ఎరుపు సాకెట్లు ఉంటే ఆంటెన్నా వైరు మాని ఏ.వి. వైరు వాడండి. ఈ చిక్కు ఉండదు. జపాను, అమెరికా పెట్టెలు ఎన్.టి.ఎస్.సి. అనే రంగుల పద్ధతిలో పని చేస్తాయి. మనది పాల్ పద్ధతి. బొమ్మ రంగు లేకుండా వచ్చినా, పైకి కిందికి దొర్లినా టి.వి. మెనూలో ఈ పద్ధతిని మార్చి చూడండి. ఆ తరువాతే పెట్టెను అనుమానించండి.

మరొక సులువైన మార్గం, బాగా పని చేసే వస్తువును మార్చి చూడడం. క్యాసెట్టు మార్చండి, వైరు మార్చండి, రెండవ రిమోటును మొదటి చోట పెట్టండి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే తప్పు దేనిలో ఉందో తెలియదు.

ఎలిమినేటరు సంగతి

గోడ కరెంటు 230 వోల్టులను చిన్న వోల్టులకు తగ్గించే నల్ల డబ్బాను మన ఊళ్లలో ఎలిమినేటరు అంటాం. ఈ తరంవారు అడాప్టర్ అంటారు. ఆట పెట్టెల చావుకు ఎక్కువసార్లు కారణం ఇదే. దీని విషయంలో మూడు సంగతులు చూడాలి.

మొదటిది వోల్టులు. అనుకరణ పెట్టెల్లో చాలావాటికి 9 వోల్టులు కావాలి. పాత రకం ఎలిమినేటరును మల్టీమీటరుతో ఖాళీగా కొలిస్తే 12 లేక 13 వోల్టులు చూపవచ్చు. భయపడనక్కరలేదు, బరువు పడితే అది దిగుతుంది. కొన్ని ఎలిమినేటర్లు ఖాళీగా బాగానే చూపించి, బరువు పడగానే కుప్పకూలుతాయి. లోపలి కండెన్సరు ఎండిపోయినప్పుడు ఇలా జరుగుతుంది. అప్పుడు బొమ్మలో అడ్డ చారలు కదులుతాయి, గుయ్యిమని మోత వస్తుంది, ఆట దానంతట అదే మొదటికి వెళ్తుంది.

రెండవది, వచ్చేది ఏ రకం కరెంటు అనేది. అమెరికాలో అమ్మిన నింటెండో యంత్రానికి ఏ.సి. అడాప్టర్ ఇచ్చారు. జపాను యంత్రానికి డి.సి. కావాలి. ఒకదానిది మరొకదానికి పెడితే జపాను యంత్రం పాడవుతుంది. అంతే గాక జపానులో గోడ కరెంటు 100 వోల్టులే. అక్కడి నుండి బంధువులు తెచ్చిన అడాప్టరును మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే మాడిపోతుంది.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, ప్లస్సు మైనస్సు. ప్లగ్గు మధ్య పిన్ను ప్లస్సా, మైనస్సా అనేది అన్ని వస్తువులకూ ఒకటి కాదు. జపాను యంత్రానికి మధ్యది మైనస్సు. చాలా టేపు రికార్డర్లకు, రేడియోలకు వేరుగా ఉంటుంది. పెట్టె అడుగున చిన్న బొమ్మ ఉంటుంది. మధ్య చుక్కకు ఏ గుర్తు కలిపి ఉందో అదే చూడాలి.

మూత తీసిన రోజు

మా పెట్టెకు దీపమే వెలగలేదు గనుక దారి తెలిసింది. ప్లగ్గు తీసివేసి, పెట్టె బోర్లించి, నాలుగు స్క్రూలు విప్పాం. మనవణ్ణి ముందుగా ఫోనుతో ఫోటోలు తీయమన్నాను. ఏ వైరు ఎక్కడిదో మరచిపోతే ఫోటో చూసుకోవచ్చు. ఈ అలవాటు మీరూ చేసుకోండి.

మూత తీయగానే తప్పు కంటికే కనిపించింది. వెనుక సాకెట్టు పక్కనున్న పెద్ద కండెన్సరు నెత్తి పగిలి ఉంది. దాని చుట్టూ గోధుమ రంగు మరక ఎండిపోయి ఉంది. దాని పక్కనే మూడు కాళ్ల 7805 రెగ్యులేటరు. ఈ 7805 అనే చిన్న వస్తువు ఎలిమినేటరు నుండి వచ్చే 9 వోల్టులను లోపలి చిప్పుకు కావలసిన 5 వోల్టులుగా మార్చి ఇస్తుంది. అంకెలున్న ముఖం మన వైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే, ఎడమ కాలు లోపలికి వచ్చే కరెంటుది, మధ్య కాలు గ్రౌండుది, కుడి కాలు బయటికి పోయే 5 వోల్టులది.

కండెన్సరు వయసు మీరి ఉబ్బడం మామూలే. అయితే కొన్న నాలుగు నెలలకే ‘టప్’ మని పగలడం మామూలు కాదు. ఎలక్ట్రోలిటిక్ కండెన్సరుకు ప్లస్సు మైనస్సు తారుమారైతే అలా పగులుతుంది. అందుచేత మనవడికి ఒక పరీక్ష చేసి చూపించాను. మల్టీమీటరును బీప్ శబ్దం వచ్చే స్థానంలో పెట్టి, ఒక తీగను 7805 మధ్య కాలికి, రెండవ తీగను సాకెట్టు మధ్య పిన్నుకు ఆనించాను. బీప్‌మన్నది. అంటే గ్రౌండు మధ్య పిన్నుకు కలిసి ఉంది. ఈ పెట్టెకు మధ్యది మైనస్సే కావాలి. పెట్టె మీది గుర్తు చెరిగిపోయినా ఈ పరీక్షతో తెలుసుకోవచ్చు. సాకెట్టు తరువాత డయోడు ఏదైనా ఉంటే మాత్రం ఈ లెక్క సరిగా కుదరదు. ముందు అది చూసుకోవాలి.

ఇప్పుడు అట్టపెట్టెలోని ఎలిమినేటరు తీశాను. అది ఆట పెట్టెతో వచ్చినది కాదు. వచ్చిన దాని వైరును ఎలుకలు కొరికితే, ఇంట్లో ఉన్న రేడియో ఎలిమినేటరును వాడుతూ వచ్చాం. మీలో చాలామంది దానిని చూసే ఉంటారు. 3 నుండి 12 వోల్టుల వరకు మార్చుకొనే ఒక మీట, ప్లస్సు మైనస్సు తారుమారు చేసే మరొక చిన్న మీట ఉంటాయి. ఆ రోజు పెట్టెలో పడేసిన తరువాత దానిని ఎవరూ ముట్టుకోలేదు. ప్లగ్గులో పెట్టి మీటరుతో కొలిచాను. ఎర్ర తీగ మధ్య పిన్నుకు, నల్ల తీగ పై తొడుగుకు పెట్టాను. అంకెకు ముందు మైనస్ గుర్తు రాలేదు. మధ్యది ప్లస్సు. పెట్టెకు కావలసిన దానికి సరిగ్గా వ్యతిరేకం.

అప్పుడు నాకు జ్ఞాపకం వచ్చింది. ఆ ముందు రాత్రి ఆ ఎలిమినేటరును టేపు రికార్డరుకు పెట్టుకొని పాటలు విన్నాను. దాని కోసం చిన్న మీటను జరిపాను. తిరిగి జరపడం మరచిపోయాను. మరునాటి సాయంత్రం పిల్లవాడు స్విచ్ వేశాడు.

మనవడు నా ముఖం చూస్తూ, “అంటే తాతయ్యా, డాడీ పాడు చేయలేదా?” అన్నాడు.

“లేదు నాన్నా. నేను పాడు చేశాను” అన్నాను.

ఆ మాట అనడానికి నాకు కొంతసేపు పట్టింది. బడిలో ఏళ్ల తరబడి పిల్లలకు ప్రయోగం చేసి చూసిన తరువాతే ఫలితం రాయండని చెప్పాను. మీటరు ఆనాడు కూడా బడిలో నా బీరువాలోనే ఉంది. దానిని ఇంటికి తెచ్చి కొలిచి ఉంటే పది నిమిషాల పని.

బాగు చేసిన విధానం

టౌనుకు వెళ్లి 1000 మైక్రోఫారడ్, 25 వోల్టుల కండెన్సరు ఒకటి, 7805 ఒకటి తెచ్చాం. రెండూ కలిపి నలభై రూపాయలు కాలేదు. పాత కండెన్సరు మీదున్న మైక్రోఫారడ్ అంకెనే తీసుకోవాలి. వోల్టుల అంకె పాతదానికి సమానంగా గాని ఎక్కువగా గాని ఉండవచ్చు, తక్కువ ఉండకూడదు. మైనస్సు వైపు చార ఉంటుంది. దానిని బోర్డు మీద మైనస్సు రంధ్రంలోనే పెట్టాలి.

పాతవి తీసి, కొత్తవి టంకం పెట్టక ముందు 5 వోల్టుల దారికి, గ్రౌండుకు మధ్య మీటరు పెట్టి చూశాను. అక్కడ బీప్‌మంటే లోపల షార్టు ఉన్నట్టు, చిప్పు పోయినట్టు అనుమానించాలి. మా అదృష్టం, అలా రాలేదు. టంకం పెట్టి, మధ్య మైనస్సు ఉన్న 9 వోల్టుల కొత్త అడాప్టర్ తగిలించి కొలిస్తే కుడి కాలి దగ్గర 5 వోల్టులు చూపింది. దీపం వెలిగింది. మనవడు గంతులు వేశాడు. టంకంలో సీసం ఉంటుంది గనుక పని అయ్యాక ఇద్దరం సబ్బుతో చేతులు కడుక్కున్నాం.

క్యాసెట్టును ఊదకండి

దీపం వెలిగింది గాని తెర బూడిద రంగుగా నిలిచిపోయింది. మనవడు క్యాసెట్టు తీసి నోటితో గట్టిగా ఊదబోయాడు. వాడికి ఎవరు నేర్పారో తెలియదు. ఆ రోజుల్లో ప్రపంచమంతటా పిల్లలు అలాగే చేశారు. ఊది పెడితే పని చేసిన మాట నిజమే. అయితే పని చేసింది ఊపిరి వల్ల కాదు, తీసి మళ్లీ పెట్టడం వల్ల. అలా చేసినప్పుడు పిన్నులు ఒకదానికొకటి రాసుకొని కాంటాక్టు కుదురుతుంది. నోటి తేమ వల్ల పిన్నులకు తుప్పు పడుతుంది. ఊదవద్దని తయారు చేసిన సంస్థే చెప్పింది.

సరియైన పద్ధతి ఇది. దూదిపుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి పిన్నుల మీద పైకి కిందికి రుద్దాలి. నల్లని మురికి వస్తుంది. పుల్ల తెల్లగా వచ్చేవరకు మారుస్తూ ఉండాలి. మురికి మొండిదైతే పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, ఆ పొడి అంతా దులిపి, మళ్లీ ఆల్కహాల్‌తో తుడవాలి. ఇసుక కాగితం వాడకండి, పిన్నుల పూత పోతుంది. పూర్తిగా ఆరిన తరువాతే పెట్టెలో పెట్టాలి. మా క్యాసెట్టుకు ఆరు పుల్లలు పట్టాయి.

అమెరికా నింటెండో యంత్రంలో మరొక రోగం ఉండేది. దీపం, తెర సెకనుకొకసారి వెలిగి ఆరుతూ ఉండేవి. దానిలో క్యాసెట్టును వి.సి.ఆర్.లో వలె ముందు నుండి తోసి కిందికి నొక్కాలి. లోపలి 72 పిన్నుల సాకెట్టు కాలక్రమేణా వదులైపోతుంది. ఆ యంత్రంలో క్యాసెట్టు అసలుదా, నకిలీదా అని పరీక్షించే ఒక కాపలా చిప్పు ఉంది. పిన్నులు సరిగా తగలక దానికి జవాబు అందకపోతే యంత్రాన్ని మళ్లీ మళ్లీ మొదటికి తిప్పుతుంది. చూసేవారికి యంత్రం చచ్చిపోయినట్టు కనిపిస్తుంది గాని, పిన్నులు శుభ్రం చేసినా, సాకెట్టు మార్చినా చాలాసార్లు బాగవుతుంది. 1993లో వచ్చిన కొత్త నమూనాలో క్యాసెట్టు పై నుండి పెట్టేటట్లు చేసి ఆ కాపలా చిప్పును తీసివేశారు.

రిమోట్లు, తుపాకీ

మొదటి ఆట తెరపైకి వచ్చింది. అయితే బొమ్మ కుడికి నడవడం లేదు. రిమోటు విప్పితే లోపల మెత్తని రబ్బరు పొర, దాని అడుగున నల్లని కార్బను చుక్కలు కనిపిస్తాయి. బటను నొక్కితే ఆ చుక్క బోర్డు మీది గీతలను కలుపుతుంది. చుక్కను, గీతలను ఆల్కహాల్‌తో తుడిస్తే చాలాసార్లు బాగవుతుంది. చుక్క అరిగిపోయి ఉంటే మెత్తని నల్ల పెన్సిలుతో దాని మీద రుద్దితే కొన్నాళ్లు పని చేస్తుంది. అన్ని బటన్లూ ఒకేసారి పోతే వైరు తెగి ఉంటుంది. సాధారణంగా రిమోటులోకి వెళ్లే చోట గాని, ప్లగ్గు దగ్గర గాని తెగుతుంది. ఒక్కొక్క తీగనూ మీటరుతో బీప్ చూసి తెగినదాన్ని కనిపెట్టవచ్చు.

చివరికి తుపాకీ మిగిలింది. ఎంత గురి పెట్టినా ఒక్క బాతూ పడలేదు. మనవడు తుపాకీ విప్పబోతే ఆపాను. అది పాడు కాలేదు, టి.వి. మారింది. ట్రిగ్గరు నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్న చోట మాత్రం తెల్లని పెట్టె మెరుస్తుంది. తుపాకీ గొట్టంలోని కాంతి కన్ను ఆ మెరుపును చూస్తే బాతు పడినట్టు లెక్క. ఇదంతా పాత పిక్చర్ ట్యూబు టి.వి. బొమ్మను గీసే వేగానికి తగ్గట్టు చేసిన ఏర్పాటు. ఇప్పటి పలుచని టి.వి.లు బొమ్మను వేరే పద్ధతిలో, కొంచెం ఆలస్యంగా చూపుతాయి గనుక తుపాకీకి ఆ మెరుపు అందదు. దీనికి మరమ్మతు లేదు, పాత టి.వి. ఉండాలి.

ఆ పాత టి.వి.ని మాత్రం ఎవరూ విప్పకండి. పిక్చర్ ట్యూబులో వేల వోల్టులు ఉంటాయి. ప్లగ్గు తీసిన తరువాత కూడా అది ప్రాణం తీయగలదు. ఎలిమినేటరును సైతం ప్లగ్గులో ఉండగా విప్పకూడదు. పిల్లలు పెద్దవారు లేకుండా సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోకూడదు.

మరొక మాట. చవక పెట్టెల్లో ముఖ్యమైన చిప్పు విడిగా ఉండదు, బోర్డు మీద నల్లని తారు బొట్టు కింద ఉంటుంది. 5 వోల్టులు సరిగా వచ్చి, క్యాసెట్టు శుభ్రంగా ఉండి, అయినా ఏమీ రాకపోతే ఆ బొట్టు కింది చిప్పే పోయి ఉండవచ్చు. దానిని ఎవరూ మార్చలేరు. అక్కడ ఆగిపోవడం మంచిది.

శనివారం సాయంత్రం

మా అబ్బాయి భార్యాబిడ్డలను తీసుకు వెళ్లడానికి శనివారం వచ్చాడు. వసారాలో పాత సంగీతం వినబడి గుమ్మంలోనే నిలబడిపోయాడు. నేను లేచి, పగిలిన ఆ కండెన్సరును వాడి అరచేతిలో పెట్టాను.

“ఇది నువ్వు పాడు చేయలేదురా. ఎలిమినేటరు మీట నేను మార్చి మరచిపోయాను. నువ్వు నిజమే చెప్పావు. నేను వినకుండా అందరి ముందు నిన్ను కొట్టాను. నన్ను క్షమించు” అన్నాను.

వాడు దానిని తిప్పి తిప్పి చూశాడు. “ఎప్పటి మాట నాన్నా, వదిలేయండి” అన్నాడు. కొంచెం ఆగి, “మీరు అంత గట్టిగా చెప్పారు గదా, నాకు తెలియకుండా నేనే ఏదో చేసి ఉంటానని అనుకుంటూ వచ్చాను” అన్నాడు.

కొట్టినందుకంటె ఆ మాటే నన్ను ఎక్కువ బాధించింది. నిజం చెప్పిన పిల్లవాడు తన నిజాన్నే అనుమానించుకొనేలా చేశాను. మా ఇంటావిడ లోపలి నుండి కాఫీ తెచ్చి, “ఇద్దరూ కూర్చోండి” అన్నది. వాడు చాప మీద కూర్చొని రెండవ రిమోటు తీసుకున్నాడు. మొదటి గుంతలోనే పడిపోయాడు. మనవడు పకపక నవ్వాడు.

తల్లిదండ్రులారా, మీ ఇంట్లో కూడా ఏదో ఒక రోజు మిక్సీనో, ఫోనో, సైకిలో చెడిపోతుంది. ఆ క్షణంలో మన నోటికి మొదట వచ్చే మాట ‘ఎవరు చేశారు?’ అనేది. దానికి ముందు ‘ఏమి జరిగింది?’ అని అడగండి. పిల్లవాడు చెప్పేది పూర్తిగా వినండి. దీపం చూడండి, వైరు చూడండి, మీట చూడండి. వీలైతే ఆ పిల్లవాణ్ణే పక్కన కూర్చోబెట్టుకొని కలిసి వెదకండి. తప్పు వాడిదైతే వాడే ఒప్పుకుంటాడు. మీదైతే అదే రోజు ఒప్పుకోవచ్చు, నాలాగా ఇన్నేళ్లు ఆగనక్కరలేదు.

పెట్టె ఇప్పుడు హైదరాబాదులో ఉంది. రేడియో ఎలిమినేటరు నా దగ్గరే ఉంచుకున్నాను. దాని చిన్న మీట కదలకుండా మనవడు వెళ్లే ముందు టేపు అంటించి, దాని మీద ‘తాతయ్యా, చూసి పెట్టు’ అని రాసి వెళ్లాడు.